భాగం - 11: ప్రజా భవనాల్లో హరిత కుడ్యాలు

11.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

- హరిత కుడ్యం అంటే ఏమిటో, అందులో ఎన్ని రకాలున్నాయో చెప్పగలుగుతారు.
- కెనడాలోని కేంబ్రిడ్జ్ నగరపాలక భవనంలో హరిత కుడ్యం పనిచేసే తీరును వివరించగలుగుతారు.
- మొక్కలు గదిలోని గాలిని శుభ్రపరుస్తాయన్న మాటలో ఎంత నిజముందో అంచనా వేయగలుగుతారు.
- బరువు, నీరు, వెలుతురులకు సంబంధించిన ప్రాథమికమైన లెక్కలు కట్టగలుగుతారు.
- ఒక ప్రజా భవనానికి హరిత కుడ్యం తగునో తగదో నిర్ణయించడానికి ఏయే ప్రశ్నలు అడగాలో గుర్తించగలుగుతారు.

11.1 పరిచయం

పురపాలక కార్యాలయం, గ్రంథాలయం, ఆసుపత్రి, బస్ స్టేషన్, విమానాశ్రయం వంటివి ప్రజా భవనాలు. ఇవి ప్రజల కోసం కట్టినవి. ఇంటి పన్ను కట్టడానికో, జనన ధ్రువపత్రం కోసమో, ఒక సంతకం కోసమో మనం వీటిలో గంటల తరబడి వేచి ఉంటాం. ఆ వేచి ఉండే చోటు ఎలా ఉండాలన్నది వాస్తుశిల్పంలో చిన్న ప్రశ్న కాదు.

గత ఇరవై ఏళ్లలో అనేక దేశాల్లో ఇటువంటి భవనాల లోపల, ప్రవేశ మందిరంలోనే, నేలనుంచి పైకప్పు దాకా మొక్కలతో నిండిన గోడలు కనిపిస్తున్నాయి. ఇంగ్లీషులో గ్రీన్ వాల్, లివింగ్ వాల్ అని పిలిచే ఈ నిర్మాణాన్ని ఈ పాఠంలో హరిత కుడ్యం అంటాం.

వీటిని గురించి రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. భవనానికి ఇవి ఊపిరితిత్తులవంటివని కొందరు అంటారు. డబ్బు దండగ అని మరికొందరు అంటారు. ఈ రెండూ తొందరపాటు మాటలే. హరిత కుడ్యాన్ని గోడకు తగిలించిన పటంలా కాకుండా లిఫ్టులా, నీటి పంపులా చూడాలి. అది రోజూ నడవవలసిన ఒక యంత్ర వ్యవస్థ. తేడా ఏమిటంటే, లిఫ్టు ఆగిపోతే బాగుచేసి మళ్లీ నడిపించవచ్చు. హరిత కుడ్యంలో పని చేసేవి ప్రాణమున్న మొక్కలు. నీరందక అవి ఎండిపోతే, పంపు బాగుచేసినంత మాత్రాన తిరిగి బతకవు. ఈ భాగమంతటికీ ఇదే ఆధారసూత్రం. దీన్ని గుర్తుంచుకొని ముందుకు చదవండి.

11.2 భావన, చరిత్ర

గోడ మీదికి తీగను పాకించడం ప్రాచీనమైన అలవాటే. అయితే తీగ వేరు నేలలో ఉంటుంది, ఆకు మాత్రమే గోడమీద ఉంటుంది. హరిత కుడ్యంలో వేళ్లు కూడా గోడమీదే ఉంటాయి. ఈ ఆలోచనకు మొదట పేటెంటు పొందినవాడు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యాన రూపకల్పన బోధించిన స్టాన్లీ హార్ట్ వైట్. ఆ పేటెంటు ఆయనకు 1938లో లభించింది. కాని ఆ రోజుల్లో అది పెద్దగా ప్రచారంలోకి రాలేదు.

ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్. ఉష్ణమండలపు అడవుల్లో పెద్ద చెట్ల నీడన, బండరాళ్ల మీద, చెట్ల మానుల మీద మట్టి దాదాపు లేకుండానే బతికే మొక్కలను ఆయన అధ్యయనం చేశాడు. మొక్కకు కావలసింది మట్టి కాదు, నీరు, లవణాలు, వెలుతురు, వేరు పట్టుకోవడానికి ఒక ఆధారం అన్నది ఆయన పద్ధతికి మూలం. 1986లో పారిస్‌లోని విజ్ఞాన, పరిశ్రమల ప్రదర్శనశాలలో ఇటువంటి గోడను నిర్మించాడు. 2006లో ప్రారంభమైన పారిస్‌లోని కే బ్రాన్లీ మ్యూజియం వెలుపలి గోడ ఆయన కృషికి మరింత పేరు తెచ్చింది. ఆ మ్యూజియం భవనాన్ని రూపొందించిన వాస్తుశిల్పి జాన్ నూవెల్.

బ్లాంక్ గమనించిన విషయం భవనం లోపలి గోడలకు మరీ ముఖ్యం. మన ఇళ్లలో కనిపించే మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, ఫెర్న్ వంటివి అడవిలో పెద్ద చెట్ల కింద, వడకట్టిన వెలుతురులో పెరిగే జాతులు. అందువల్లనే అవి గదిలో బతుకుతాయి. బంతి, మందార వంటివి ఆరుబయటి ఎండ కోరేవి. వాటిని లోపలి గోడమీద నాటితే కొద్ది రోజులకే సాగిపోయి, పాలిపోతాయి.

11.3 హరిత కుడ్యాల రకాలు

నిర్మాణాన్ని బట్టి వీటిని నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) తీగ గోడ: తొట్లలో మట్టి పోసి, అందులో నాటిన తీగలను ఉక్కు తీగెలమీదికో వలమీదికో పాకిస్తారు. ఖర్చు, నిర్వహణ తక్కువ. గోడ పూర్తిగా కప్పుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో 2008లో ప్రారంభమైన మూడో టెర్మినల్‌లో సుమారు 300 మీటర్ల పొడవున, ఐదంతస్తుల ఎత్తున పాకే మొక్కలతో నిండిన గోడ ఉంది.

(ఆ) పెట్టెల గోడ: మట్టి గాని, కొబ్బరిపొట్టువంటి తేలికైన మిశ్రమం గాని నింపిన చిన్న పెట్టెలను చట్రానికి తగిలిస్తారు. ఒక మొక్క చనిపోతే ఆ పెట్టెను మాత్రమే తీసి మార్చవచ్చు. అయితే తడిసినప్పుడు బరువు ఎక్కువ.

(ఇ) నెమ్దా గోడ: ఇది బ్లాంక్ పద్ధతి. లోహపు చట్రంమీద పి.వి.సి. పలకను బిగించి, దానిమీద నెమ్దాలాంటి గుడ్డను రెండు పొరలుగా పరుస్తారు. గుడ్డలో కోసిన సంచుల్లో మొక్కలను పెడతారు. మట్టి ఉండదు. పైనుంచి పోషక లవణాలు కలిపిన నీరు కొద్దికొద్దిగా దిగుతుంది. మొక్కలతో సహా చదరపు మీటరుకు 30 కిలోల లోపే బరువుంటుందని బ్లాంక్ పేర్కొన్నాడు. బరువు తక్కువే కాని, ఈ గుడ్డ నీటిని ఎక్కువసేపు నిలవ ఉంచుకోలేదు.

(ఈ) గాలి వడపోత గోడ: పై మూడు రకాల్లో గాలి దానంతట అది ఆకుల పక్కనుంచి పోతుంది. ఈ నాలుగో రకంలో ఫ్యాను గది గాలిని లాగి, మొక్కల వేళ్లగుండా పంపుతుంది. వేళ్ల దగ్గర వడకట్టిన గాలి భవనపు గాలి గొట్టాల్లోకి చేరుతుంది.

మొదటి మూడు రకాలకూ నాలుగోదానికీ ఉన్న తేడాను జాగ్రత్తగా గమనించండి. గాలి శుభ్రత గురించి చెప్పే మాటల్లో గందరగోళమంతా ఈ తేడాను మరచిపోవడంవల్లనే వస్తుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1

1. తీగ గోడకు, హరిత కుడ్యంలోని మిగతా రకాలకు వేళ్ల విషయంలో ఉన్న భేదం ఏమిటి?
2. నెమ్దా గోడలో ఉన్న ఒక సౌకర్యాన్ని, ఒక ఇబ్బందిని రాయండి.

11.4 ఒక అధ్యయనం: కేంబ్రిడ్జ్ నగరపాలక భవనం

ఈ కేంబ్రిడ్జ్ ఇంగ్లండులోని విశ్వవిద్యాలయ నగరం కాదు. కెనడా దేశంలో, ఒంటారియో రాష్ట్రంలో, గ్రాండ్ నది ఒడ్డున ఉన్న ఒక నగరం. 1973లో గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అనే పట్టణాలను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. 19వ శతాబ్దంలో కట్టిన గాల్ట్ పట్టణపు పాత రాతి భవనం పక్కనే 2008లో కొత్త నగరపాలక భవనం వెలసింది. టొరంటోకు చెందిన డైమండ్ అండ్ ష్మిట్ సంస్థ దీన్ని రూపొందించింది. పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ గుర్తింపులో దీనికి గోల్డ్ శ్రేణి లభించింది. (ఈ గుర్తింపు మనకు కొత్తది కాదు. హైదరాబాదులోని సి.ఐ.ఐ. సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం శ్రేణి పొందిన తొలి భవనం. అది 2004లో ప్రారంభమైంది.)

కేంబ్రిడ్జ్ భవనం మధ్యలో ఒక ఏట్రియం ఉంది. అన్ని అంతస్తులనూ కలుపుతూ కిందినుంచి పైకప్పు వరకు ఖాళీగా వదిలిన ఎత్తైన మందిరాన్ని ఏట్రియం అంటారు. మన మండువా లోగిలి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే చోటును అద్దాల కప్పుతో మూసినట్టు ఊహించుకోండి. ఈ ఏట్రియంలో నాలుగంతస్తుల ఎత్తున హరిత కుడ్యం ఉంది. పనిమీద వచ్చిన పౌరుడికీ, పై అంతస్తుల్లో పనిచేసే ఉద్యోగికీ అది కనిపిస్తుంది.

ఇది గాలి వడపోత రకానికి చెందిన గోడ. ఈ పద్ధతిని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో అలన్ డార్లింగ్టన్ అభివృద్ధి చేశాడు. మూసి ఉన్న అంతరిక్ష నౌకలో మనుషులు పీల్చే గాలిని జీవుల సాయంతో ఎలా శుభ్రంగా ఉంచాలన్న పరిశోధనలతో దీనికి సంబంధముంది. 2004లో టొరంటోలోని గ్వెల్ఫ్-హంబర్ విశ్వవిద్యాలయ భవనంలో కూడా నాలుగంతస్తుల ఎత్తున ఇటువంటి గోడను నిర్మించారు. ఆ భవన రూపకల్పనలోనూ డైమండ్ అండ్ ష్మిట్ సంస్థ పాలుపంచుకొంది.

ఇటువంటి గోడ ఎలా పనిచేస్తుందో దశలవారీగా చూద్దాం.

1. గోడ వెనక ఉన్న ఫ్యాను ఏట్రియంలోని గాలిని మొక్కలవైపు లాగుతుంది.
2. రంగులు, ప్లైవుడ్ జిగురు, తివాచీలు, కొత్త బల్లలు, కుర్చీలనుంచి ఫార్మాల్డిహైడ్, బెంజీన్, టోలుయీన్ వంటి రసాయనాల ఆవిర్లు గాలిలో కలిసి ఉంటాయి. గాలి తడిసిన వేళ్ల పొరగుండా వెళ్లేటప్పుడు ఈ ఆవిర్లలో కొంత భాగం ఆ నీటి పొరలో చిక్కుకొంటుంది.
3. వేళ్లను ఆశ్రయించి బతికే సూక్ష్మజీవులు ఆ రసాయనాలను ఆహారంగా తీసుకొని, కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుస్తాయి.
4. ఆ గాలి భవనపు గొట్టాల ద్వారా తిరిగి గదుల్లోకి వెళుతుంది.

ఇక్కడ అసలు పనివాళ్లు ఆకులు కాదు, వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు. మొక్క వాటికి ఇల్లు కట్టి ఇస్తుంది. ఫ్యాను వాటి దగ్గరికి గాలిని చేరవేస్తుంది.

ఈ పద్ధతి కెనడాలో పుట్టడానికి ఒక కారణముంది. అక్కడి చలికాలంలో బయటి ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పడిపోతుంది. బయటి గాలిని లోపలికి తెచ్చిన ప్రతిసారీ దాన్ని వేడి చేయడానికి ఇంధనం కావాలి. లోపలి వెచ్చని గాలినే కొంతవరకు శుభ్రపరచి తిరిగి వాడుకోగలిగితే ఆ మేరకు ఇంధనం ఆదా అవుతుంది. పైగా వేడి చేసిన గాలి బాగా పొడిగా ఉంటుంది. గోడ వదిలే తేమ ఆ పొడితనాన్ని తగ్గిస్తుంది. అంటే కేంబ్రిడ్జ్ గోడ ఆ ఊరి చలికి చెప్పిన సమాధానం. ఈ విషయం 11.7లో మనకు మళ్లీ అవసరమవుతుంది.

11.5 మొక్కలు గాలిని శుభ్రపరుస్తాయా?

1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక అధ్యయనం వెలువరించింది. బి.సి. వోల్వర్టన్, ఆయన సహచరులు మొక్కలను చిన్న గాజు పెట్టెల్లాంటి మూసిన అరల్లో ఉంచి, రసాయనాల ఆవిరిని అందులోకి వదిలారు. కొన్ని గంటల తరవాత ఆవిరి తగ్గినట్టు గుర్తించారు. 'గాలిని శుభ్రపరిచే మొక్కలు' అన్న పేరుతో నర్సరీల్లో అమ్మే మొక్కల జాబితాలకు మూలం ఈ అధ్యయనమే.

కాని మనం పనిచేసే గది మూసిన పెట్టె కాదు. తలుపులు తెరుస్తాం, కిటికీలు తీస్తాం, సందుల్లోంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ కమింగ్స్, మైకేల్ వేరింగ్ అప్పటివరకు వచ్చిన ప్రయోగాల ఫలితాలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్కించారు. భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే శుభ్రతకు సమానంగా కుండీల్లోని మొక్కలు పనిచేయాలంటే, నేల వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. 10 మొక్కలే అనుకొన్నా, ఆ గదిలో మనిషి కూర్చోవడానికి చోటుండదు.

దీన్నుంచి మనం మూడు నిర్ణయాలకు రావచ్చు.

మొదటిది, ఫ్యాను లేని హరిత కుడ్యం గాలిని చెప్పుకోదగినంతగా శుభ్రం చేస్తుందని చెప్పడం తగదు.

రెండోది, ఫ్యాను ఉన్న గోడ రసాయనాల ఆవిర్ల విషయంలో కొంత ఉపయోగపడుతుంది. అయితే ఎంత ఉపయోగమన్నది గోడ వైశాల్యం, భవన పరిమాణం, గాలి వేగంమీద ఆధారపడి ఉంటుంది.

మూడోది, ఏ రకం గోడ అయినా స్వచ్ఛమైన బయటి గాలికి ప్రత్యామ్నాయం కాదు. ఒక మనిషి రోజుకు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడును వదులుతాడు. లోపలి వెలుతురులో ఒక చదరపు మీటరు మొక్కలు పీల్చుకొనేది గ్రాముల లెక్కలోనే ఉంటుంది. జనంతో నిండిన మందిరంలో ఈ గోడను చూపి కిటికీలు మూసివేయడం ఆరోగ్యానికి హానికరం.

మరి ఉపయోగమే లేదా? ఉంది. కాని అది వేరే చోట ఉంది. 1984లో రోజర్ ఉల్రిచ్ 'సైన్స్' పత్రికలో ఒక పరిశీలన ప్రచురించాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రోగుల రికార్డులను ఆయన పోల్చి చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు, మిగతా సగం మందికి ఇటుక గోడ కనిపించేవి. చెట్లు కనిపించినవారు త్వరగా ఇంటికి వెళ్లారు, వారికి బలమైన నొప్పి మందుల అవసరం కూడా తక్కువైంది. అదే సంవత్సరం ఎడ్వర్డ్ ఓ. విల్సన్ 'బయోఫీలియా' అనే గ్రంథంలో, జీవజాలంపట్ల మనిషికి సహజమైన ఆకర్షణ ఉంటుందని ప్రతిపాదించాడు. ఉల్రిచ్ చూసింది కిటికీ బయటి చెట్లనే తప్ప లోపలి హరిత కుడ్యాన్ని కాదు. రోగుల సంఖ్య కూడా చిన్నదే. అయినా వేచి ఉండే మనిషి కంటికి పచ్చదనం కనిపించడంలో విలువ ఉందన్న ఆలోచనకు ఇది బలమైన ఆధారంగా నిలిచింది. కాబట్టి హరిత కుడ్యాన్ని సమర్థించదలచినవారు ఊపిరితిత్తుల పోలికకంటే ఈ వాదాన్ని చెప్పడం నిజాయితీగా ఉంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2

3. గాలి వడపోత గోడలో సూక్ష్మజీవుల పాత్ర ఏమిటి?
4. నాసా ప్రయోగ ఫలితాలను నేరుగా కార్యాలయాలకు ఎందుకు వర్తింపజేయకూడదు?

11.6 బరువు, నీరు, వెలుతురు: కొన్ని లెక్కలు

ఒక పురపాలక భవనం ప్రవేశ మందిరంలో 10 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు గల హరిత కుడ్యాన్ని నిర్మించాలని అనుకొందాం. వైశాల్యం 60 చదరపు మీటర్లు. కింది లెక్కల్లో చదరపు మీటరుకు తీసుకొన్న విలువలు అభ్యాసం కోసం అనుకొన్నవి. అసలు నిర్మాణంలో తయారీదారు ఇచ్చిన విలువలు తీసుకోవాలి.

బరువు: నెమ్దా గోడకు చదరపు మీటరుకు 30 కిలోల చొప్పున 1,800 కిలోలు. తడిసిన పెట్టెల గోడకు 80 కిలోల చొప్పున 4,800 కిలోలు. కొత్త భవనమైతే ఈ భారాన్ని ముందే లెక్కలోకి తీసుకోవచ్చు. పాత భవనంలో సగం ఇటుక మందం ఉన్న అడ్డుగోడకు ఇంత బరువు తగిలించకూడదు. చట్రాన్ని స్తంభాలకు, దూలాలకు బిగించాలి. చట్రానికి, అసలు గోడకు మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. లేకపోతే గోడకు చెమ్మ పట్టి, వెనక గదిలో సున్నం రాలుతుంది.

నీరు: రోజుకు చదరపు మీటరుకు 3 లీటర్లనుకొంటే 180 లీటర్లు. ఏడాదికి 65,700 లీటర్లు. నీరు పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి పై వరసలు త్వరగా ఆరిపోతాయి, కింది వరసల్లో తడి ఎక్కువవుతుంది. అందుకే పొడిని తట్టుకొనే మొక్కలను పైన, తడిని కోరే ఫెర్న్‌లవంటివాటిని కింద నాటుతారు. కింద తొట్టిలో చేరిన నీటిని పంపుతో మళ్లీ పైకి పంపవచ్చు. కాని ఆ తొట్టికి మూత తప్పనిసరి. మూతలేని నిలవ నీటిలో డెంగ్యూ వ్యాప్తి చేసే దోమ గుడ్లు పెడుతుంది. ఆరోగ్య విభాగం ఉన్న భవనంలోనే దోమలు పుట్టడం ఎవరికీ గౌరవం కాదు.

వెలుతురు: మధ్యాహ్నపు ఎండలో సుమారు 1,00,000 లక్సుల వెలుతురు ఉంటుంది. కార్యాలయపు బల్లమీద 300 నుంచి 500 లక్సులుంటే చదువుకోవడానికి, రాసుకోవడానికి సరిపోతుంది. మన కన్ను ఈ తేడాకు సర్దుకొంటుంది కనక గది వెలుతురుగానే తోస్తుంది. మొక్క అలా సర్దుకోలేదు. నీడ జాతులు కూడా ఆరోగ్యంగా ఎదగాలంటే రోజుకు పది, పన్నెండు గంటలపాటు సుమారు 1,000 లక్సులైనా అందేటట్టు చూడటం మంచిది. కేంబ్రిడ్జ్ వంటి చోట్ల హరిత కుడ్యాన్ని ఏట్రియంలోనే పెట్టడానికి కారణం ఇదే. పైకప్పు అద్దాలనుంచి పగటి వెలుతురు వస్తుంది. ఆ వసతి లేని మందిరంలో దీపాలు పెట్టాలి. చదరపు మీటరుకు 40 వాట్లు, రోజుకు 12 గంటలు అనుకొంటే:

60 × 40 = 2,400 వాట్లు
2.4 కిలోవాట్లు × 12 గంటలు = రోజుకు 28.8 యూనిట్లు
ఏడాదికి 10,512 యూనిట్లు

మీ ప్రాంతంలో కార్యాలయాలకు యూనిట్ ధర ఎంతో తెలుసుకొని దీన్ని గుణించి చూడండి. పచ్చని గోడకు అయ్యే ఈ విద్యుత్ ఖర్చు ప్రారంభోత్సవపు శిలాఫలకంమీద కనిపించదు.

11.7 వాతావరణంతో సంబంధం

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. అది 0.67 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి. ఆ వేడి చుట్టుపక్కల గాలినుంచి వస్తుంది. అందుకే వేసవిలో తలుపులకు తడిపిన వట్టివేళ్ల తెరలు కట్టేవారు. ఎయిర్ కూలరు కూడా ఇదే సూత్రంతో పనిచేస్తుంది. ఏప్రిల్ నెలలో హైదరాబాదు పొడిగాలిలో హాయినిచ్చే కూలరు, విశాఖపట్నంలో గదిని జిడ్డుగా, ఉక్కగా ఎందుకు మారుస్తుందో మీకు అనుభవమే. గాలిలో ముందే తేమ ఎక్కువ ఉన్నచోట నీరు త్వరగా ఆవిరి కాదు. అయిన కొద్దిపాటి ఆవిరి కూడా ఉక్కను పెంచుతుంది.

హరిత కుడ్యానికీ ఇదే వర్తిస్తుంది. గాలి ధారాళంగా వచ్చిపోయే పొడి ప్రాంతపు మందిరంలో అది కొంత చల్లదనం ఇస్తుంది. తలుపులు మూసి ఎయిర్ కండిషనర్ నడిపే గదిలో లెక్క వేరు. మొక్కలు వదిలిన ఆవిరిని ఎయిర్ కండిషనర్ తిరిగి నీరుగా మార్చి బయటికి పంపాలి. ఆవిరి అయినప్పుడు తగ్గిన వేడిని, ఆ ఆవిరిని నీరుగా మార్చేటప్పుడు యంత్రం మోయవలసిందే. కాబట్టి అక్కడ విద్యుత్ ఆదా అవుతుందని ఆశించకూడదు. దీపాల వేడి దీనికి అదనం.

కేంబ్రిడ్జ్‌లో లాభంగా మారిన తేమ కోస్తా పట్టణంలో భారంగా మారవచ్చు. ఒక దేశంలో విజయవంతమైన నిర్మాణాన్ని యథాతథంగా తెచ్చుకోకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. మన దేశంలో 2022 నవంబరు 11న ప్రారంభించిన బెంగళూరు కెంపెగౌడ విమానాశ్రయపు రెండో టెర్మినల్‌ను తోటలో ఉన్న టెర్మినల్‌గా స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థ రూపొందించింది. అక్కడ పైకప్పునుంచి వేలాడే మొక్కలు, హరిత కుడ్యాలు, బయటి తోటలు ఒకే ప్రణాళికలో భాగాలు. బెంగళూరు సమశీతల వాతావరణం, నిర్వహణకు తగిన ఆదాయం ఉన్న విమానాశ్రయం, ఈ రెండూ అక్కడ అనుకూలించే అంశాలు. చిన్న పురపాలక సంఘం తన సంగతి తాను వేరుగా ఆలోచించుకోవాలి.

11.8 నిర్వహణ: అసలు పరీక్ష

లండన్ నగరంలోని ఇజ్లింగ్టన్ ప్రాంతంలో ప్యారడైజ్ పార్క్ బాలల కేంద్రం ఉంది. ఆ భవనపు వెలుపలి గోడమీద సుమారు లక్ష పౌండ్ల ఖర్చుతో హరిత కుడ్యాన్ని నిర్మించారు. 2009 నాటికి అందులోని మొక్కలు ఎండిపోయి, గోడ గోధుమరంగుకు మారింది. స్థానిక ప్రజలు, పత్రికలు ప్రజాధనం గురించి ప్రశ్నించారు. అది బయటి గోడే అయినా పాఠం ఒకటే. మొక్కలు బతికినంతకాలమే అది హరిత కుడ్యం.

లోపలి గోడకు కావలసిన నిర్వహణను ఇలా విభజించవచ్చు.

రోజువారీ పని: నీటి గొట్టాల్లో నీరు వస్తున్నదో లేదో చూడటం. డ్రిప్పు రంధ్రాల్లో లవణాలు పేరుకొని మూసుకుపోవడం సాధారణం. ఒక రంధ్రం మూసుకుపోతే దాని కింద ఒక నిలువు చార మొత్తం ఎండిపోతుంది.

నెలవారీ పని: కత్తిరింపు, ఆకుల దుమ్ము తుడవడం, పోషకాలు కలపడం, తెగుళ్ల పరిశీలన. లోపలి మొక్కలకు పిండినల్లి, ఎర్రనల్లి, పేనుబంక తరచుగా పడతాయి. జనం తిరిగే మందిరంలో పురుగుమందు చల్లకూడదు. అందువల్ల అక్షింతల పురుగులవంటి మిత్ర పురుగులను వదలడం, సబ్బు నీటితో తుడవడం వంటి పద్ధతులు అనుసరించాలి. నాలుగంతస్తుల గోడకు ఈ పనులు చేయాలంటే మనిషిని పైకెత్తే యంత్రం ఉండాలి. ఆ యంత్రం నిలవడానికి నేలమీద చోటు ఉండాలి. ఈ చోటును నక్షా గీసేటప్పుడే వదలాలి.

వార్షిక పని: చనిపోయిన మొక్కల మార్పిడి, పంపు, ఫ్యాను, దీపాల మరమ్మతు.

మన కార్యాలయాల్లో నిర్మాణానికి నిధులు ఒక పద్దుకింద, నిర్వహణకు మరో పద్దుకింద వస్తాయి. మొదటిది ఒక్కసారి దొరికితే చాలు. రెండోది ఏటా దొరకాలి. కార్యాలయాల ముందు నీళ్లు లేక, అడుగున ఎండుటాకులు చేరిన ఫౌంటెన్లను మీరు చూసే ఉంటారు. కట్టినవాడికి డబ్బు అందింది, నడిపేవాడికి అందలేదు. ఫౌంటెన్ ఎండితే వెలితిగా కనిపిస్తుంది, అంతే. హరిత కుడ్యం ఎండితే నాలుగంతస్తుల ఎత్తున కుళ్లిన ఆకు, బూజు, దుమ్ము రాలుతూ ఉంటాయి.

ఈ విషయంలో మన దగ్గరే ఒక ఉపయోగకరమైన సూత్రం ఉంది. తెలంగాణ పురపాలక చట్టం - 2019 పట్టణాల బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత బడ్జెట్‌గా కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతికేటట్టు చూడాలని నిర్దేశించింది. ఎన్ని మొక్కలు నాటారన్నది కాక, ఎన్ని బతికాయన్నది లెక్కించాలన్నది ఇందులోని భావం. ఆ చట్టం దృష్టిలో ఉన్నది పట్టణంలో నాటే మొక్కలే. అయినా హరిత కుడ్యం టెండరు రాసేటప్పుడు ఇదే కొలమానాన్ని వాడవచ్చు. నిర్మాణం, కనీసం ఐదేళ్ల నిర్వహణ ఒకే ఒప్పందంలో ఉండాలి. చెల్లింపులో కొంత భాగాన్ని ఏటేటా బతికి ఉన్న మొక్కల శాతాన్ని బట్టి విడుదల చేయాలి.

కాబట్టి ఒక పాలకమండలి ముందుకు ఇటువంటి ప్రతిపాదన వచ్చినప్పుడు, సభ్యులు గాని పౌరులు గాని అడగవలసిన ప్రశ్నలు ఇవి:

1. గోడ పెట్టే చోట పగటి వెలుతురు ఎంత? దీపాలకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి?
2. నీరు ఎక్కడనుంచి వస్తుంది? వేసవిలో ఊరికి నీరు రోజు విడిచి రోజు ఇచ్చేటప్పుడు ఈ గోడకు ఎలా ఇస్తారు?
3. కరెంటు పోయి పంపు ఆగితే మొక్కలు ఎన్ని గంటలు తట్టుకొంటాయి?
4. ఐదో ఏట నిర్వహణ ఖర్చు ఏ పద్దునుంచి వస్తుంది?
5. ఇదే డబ్బుతో ఆవరణలో వేపచెట్ల నీడ, అరుగులు, మంచి నీరు ఏర్పాటు చేస్తే వేచి ఉండేవారికి ఎక్కువ మేలు జరుగుతుందా?

చివరి ప్రశ్నకు సమాధానం అన్నిచోట్లా ఒకటే కానక్కరలేదు. ఆవరణలో స్థలం లేని ఇరుకైన నగర కేంద్రంలో, పెద్ద ఏట్రియం, తగిన సిబ్బంది ఉన్న భవనంలో హరిత కుడ్యం సరైన నిర్ణయమే కావచ్చు. ఖాళీ స్థలం ఉన్న చిన్న పట్టణంలో తీగ గోడ గాని, చెట్టు గాని మేలు. ప్రశ్న అడిగిన తరవాతే సమాధానం రావాలి.

11.9 సారాంశం

వేళ్లతో సహా మొక్కలు నిలువుగా పెరిగే నిర్మాణం హరిత కుడ్యం. 1938లో స్టాన్లీ హార్ట్ వైట్ ఆలోచనతో మొదలై, పాట్రిక్ బ్లాంక్ కృషితో ఇది ప్రచారం పొందింది. తీగ గోడ, పెట్టెల గోడ, నెమ్దా గోడ, గాలి వడపోత గోడ దీనిలోని రకాలు. కేంబ్రిడ్జ్ నగరపాలక భవనంలోని గోడ చివరి రకానికి చెందింది. అది చలి దేశపు అవసరంనుంచి పుట్టింది. ఫ్యాను లేని గోడలు గాలిని శుభ్రం చేసేది స్వల్పం. పచ్చదనం మనసుకిచ్చే నెమ్మదే వాటి ముఖ్య ప్రయోజనం. బరువు, నీరు, వెలుతురు, తేమ లెక్కలు కట్టకుండా, నిర్వహణకు నిధులు నిర్ణయించకుండా ప్రజాధనంతో ఇటువంటి గోడ కట్టడం తగదు.

11.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కేంబ్రిడ్జ్ నగరపాలక భవనంలోని హరిత కుడ్యం పనిచేసే తీరును వివరించి, అది అక్కడి వాతావరణానికి ఎలా సరిపోయిందో చర్చించండి.
2. 'హరిత కుడ్యానికి నిర్మాణంకంటే నిర్వహణ ముఖ్యం.' సోదాహరణంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హరిత కుడ్యాల రకాలను పేర్కొనండి.
2. తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో హరిత కుడ్యంవల్ల కలిగే ఇబ్బంది ఏమిటి?
3. 8 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల పెట్టెల గోడ బరువును, ఏడాదికి కావలసిన నీటిని 11.6లోని విలువలతో లెక్కించండి.

III. కృత్యం
మీ ఊళ్లోని ఒక ప్రజా భవనానికి వెళ్లండి. అక్కడి కుండీలు, తోట, ఫౌంటెన్ ఏవైనా ఎప్పుడు ఏర్పాటు చేశారో, ఇప్పుడు ఎలా ఉన్నాయో, వాటికి నీరు పోసే వ్యక్తి ఎవరో తెలుసుకోండి. ఆ వ్యక్తితో మాట్లాడి, ఆ పనికి ఏమేమి కావాలో, ఏమేమి అందుతున్నాయో రెండు పేజీల్లో రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ నివేదికను వెంట తెచ్చుకోండి.